పువ్వు కేకు కోసం మూడు ఆదివారాలు

మా మనుమరాలికి డిసెంబర్ చివర్లో ఆరేళ్లు నిండాయి. నవంబర్‌లోనే ఫోన్ చేసి చెప్పింది. "తాతా, ఈసారి బేకరీ కేకు వద్దు. నువ్వే చెయ్యాలె. పువ్వు లెక్క ఉండాలె." నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో, అంటే రైలింజిన్లు బాగుచేసే చోట, ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. చాయ్ పెట్టడం, అన్నం వండడం, కోడిగుడ్డు పొరుటు చేయడం వచ్చు. కేకు ఎప్పుడూ చేయలేదు. అయినా పిల్ల నోరు తెరిచి అడిగింది కాబట్టి సరే అన్నాను.

ఇంట్లో ఓటీజీ, అంటే కరెంటు రాడ్ల వేడితో కాల్చే చిన్న పొయ్యి, ఉంది. రెండేళ్ల కింద మా అమ్మాయి కొనిచ్చింది. దానితో వచ్చిన గుండ్రటి అల్యూమినియం గిన్నెలో పువ్వు ఎలా వస్తుంది? ఫాతిమానగర్‌లో మా పక్కింటి వాళ్లు ప్రతి క్రిస్మస్‌కు ఇంట్లోనే కేకు చేస్తారు. అడిగితే, మధ్యలో గొట్టం ఉండి, చుట్టూ రేకులున్న సిలికాన్ మోల్డ్ దొరుకుతుందని చెప్పారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో చవకగా కనిపిస్తే కొనుక్కొచ్చాను. ఎర్రగా, మెత్తగా, పెద్ద బంతిపువ్వులా ఉంది.

సిలికాన్ రబ్బరు నాకు కొత్త కాదు. వేడి తగిలే చోట్ల లీకు కాకుండా వేసే సీళ్లు షెడ్డులో ఎన్నో చూశాను, ఎన్నో మార్చాను. మంచి రబ్బరును మెలిపెడితే దాని రంగు దానికే ఉంటుంది. ఇంటికి తెచ్చినంక అలవాటు కొద్దీ ఒక రేకును రెండు వేళ్ల మధ్య పట్టి మెలి తిప్పాను. మడత పడ్డ చోట తెల్లటి గీత వచ్చింది. అలా తెల్లబడితే అందులో సిలికాన్‌తో పాటు వేరే పూరకం కలిపి ఉండొచ్చని అనుమానించాలి. సబ్బు నీళ్లతో కడిగి, ఖాళీగానే ఓటీజీలో పెట్టి వేడి చేసి చూశాను. పది నిమిషాలకే కాలిన టైరు వాసన వంటిల్లంతా కమ్ముకుంది. మంచి సిలికాన్‌కు కూడా మొదటిసారి కొద్దిగా వాసన రావచ్చు కానీ ఇది ఆ మాదిరి కాదు. ఆరేళ్ల పిల్ల తినే వస్తువు అందులో వండడానికి మనసు ఒప్పలేదు. దాన్ని వంటింట్లోంచి తీసేశాను.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర మూడింతలు. మైనస్ 40 నుంచి 230 డిగ్రీల దాకా తట్టుకుంటుందని, ఆహారానికి పనికొచ్చే రకమని దాని మీద రాసి ఉంది. ఎంత మెలిపెట్టినా తెల్లబడలేదు. గోడ కూడా మొదటిదానికన్నా మందంగా ఉంది. డబ్బు మిగుల్చుకోవడానికి చూడాల్సిన చోటు ఇది కాదని అప్పుడే అనిపించింది. పిండి, చక్కెర చవకవి తెచ్చుకున్నా నడుస్తుంది గానీ వేడిలో మన తిండిని అంటుకుని ఉండే వస్తువు మాత్రం మంచిదే కొనాలి.

వాడే ముందు నీళ్లు పోసి కొలిచాను. అంచు దాకా 1.2 లీటర్లు పట్టింది. కేకు పొంగుతుంది కాబట్టి మూడింట రెండు వంతులే, అంటే 800 మిల్లీలీటర్ల దాకానే పోయాలి. కొలత పక్కింటావిడ చెప్పిందే రాసి పెట్టుకున్నాను: మైదా 200 గ్రాములు, పొడి చేసిన చక్కెర 180 గ్రాములు, కోడిగుడ్లు మూడు, నూనె 120 మిల్లీలీటర్లు, పెరుగు 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ చెంచాన్నర, వంట సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. పెరుగులో పులుపు ఉంటుంది కాబట్టి సోడా దానితో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది. అందుకే కలిపిన వెంటనే పొయ్యిలోకి పోవాలని, పక్కన పెట్టి ముచ్చట్లు చెప్పుకోవద్దని ఆమె గట్టిగా చెప్పింది.

మొదటి ఆదివారం. గుడ్లు, చక్కెర నురగ వచ్చేదాకా గిలకొట్టాను. నూనె, పెరుగు కలిపాను. మైదా, సోడా, పౌడర్ మూడింటినీ జల్లించి వేసి, ఉండలు లేకుండా పోవాలని మళ్లీ ఐదారు నిమిషాలు గిలకొట్టాను. ఇక్కడ పొరపాటు జరిగిందని తర్వాత తెలిసింది. మైదాలో తడి తగిలి, మనం కలిపిన కొద్దీ సాగే గుణం పెరుగుతుంది. పరోటాకు అదే కావాలి, కేకుకు వద్దు. మైదా వేసినంక గరిటెతో కింది నుంచి పైకి మడిచినట్టు కలిపి, తెల్ల పిండి కనిపించకుండా పోగానే ఆపాలి.

మోల్డ్ సిలికాన్ కదా, అంటుకోదు కదా అని ఏమీ రాయకుండానే పోశాను. పోసింది టేబుల్ మీద. రెండు చేతులతో అంచులు పట్టుకుని ఎత్తాను. ఇనుప గిన్నె ఎత్తిన చేతికి ఆ మెత్తదనం అందలేదు. మధ్య భాగం కిందికి జారింది, ఒక పక్క మడత పడింది, పిండి కాలి మీద, గచ్చు మీద పడింది. పావు వంతు పోయింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి కింద స్టీలు పళ్లెం పట్టింది. ఆ పళ్లెంతోనే ఓటీజీలో పెట్టాం.

అల్యూమినియం గిన్నెకు 180 డిగ్రీల మీద 35 నిమిషాలు అని చెప్పారు. అదే పెట్టాను. 35 నిమిషాలకు పైన చూస్తే బంగారు రంగు. గొట్టం పక్కన చీపురు పుల్ల గుచ్చితే తడి పిండి అంటుకుని వచ్చింది. ఇంకో ఐదు, ఇంకో ఐదు అనుకుంటూ 50 నిమిషాలు అయింది. అప్పటికి పై పొర గట్టిపడి పగుళ్లు వచ్చాయి. బయటికి తీశాను. వేడి వేడిగా ఉన్నప్పుడే తిప్పితే సులువుగా ఊడుతుందని నాకు నేనే అనుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని బోర్లించాను. పువ్వు సగం పళ్లెంలో పడింది, సగం మోల్డ్‌లోనే ఉండిపోయింది. ఎనిమిది రేకుల్లో మూడే నిలిచాయి.

ఆ రోజు రాత్రి చాలాసేపు బాధపడ్డాను. రుచి మాత్రం బాగుంది, కొంచెం గట్టిగా ఉన్నా. మర్నాడు పొద్దున్నే ముక్కలన్నీ డబ్బాలో పెట్టుకుని, రోజూ నాతో నడకకు వచ్చే వాళ్లకు పెట్టాను. చాయ్‌తో తిన్నారు. డబ్బా ఖాళీ అయింది.

మా ఆవిడ చెప్పిన మాట అప్పుడు నాకు సగమే ఎక్కింది. "గంత ఆత్రమెందుకు? గిన్నప్పను గిన్నె వదలకముందే గుంజుతమా? జరసేపు ఆగుండ్రి." గిన్నప్ప అంటే మా వరంగల్ వైపు చేసుకునే బియ్యప్పిండి రొట్టె. చాలా చోట్ల సర్వపిండి అంటారు. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపిన ముద్దను లోతు గిన్నెకు లోపలి వైపు అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తారు. మా ఆవిడ దాన్ని ఎప్పుడూ గీకి తీయదు. అంచు ఎర్రబడి, తనంతట తాను గిన్నెను వదిలేదాకా ముట్టుకోదు. ఇంకో ముద్ద అద్దాలంటే, కాలిన గిన్నెను ముందు నీళ్లలో బోర్లించి చల్లార్చుకుంటుంది.

ఆమె చెప్పింది ఓపిక గురించే అనుకున్నాను. రెండు రోజులు ఆలోచిస్తే, అందులో నా పని మొత్తం ఉందని తెలిసింది. చిల్లులు ఎందుకు? మందంగా ఉన్న ముద్ద నడుమకు కూడా వేడి, నూనె చేరాలని. మోల్డ్ మధ్యలో గొట్టం ఉన్నదీ అందుకే. పక్కల నుంచే కాకుండా నడుమ నుంచి కూడా కేకుకు వేడి అందుతుంది. అయితే గిన్నప్ప గిన్నె లోహంది, నాది రబ్బరు. అల్యూమినియం వేడిని ఎంత పంపుతుందో సిలికాన్ అందులో వందో వంతు కూడా పంపదు. ఎంతైనా గోడ పలుచనే కాబట్టి కేకు ఉడుకుతుంది కానీ నిదానంగా ఉడుకుతుంది. పక్కలు ఎర్రగా కాలవు, లేత రంగులోనే మెత్తగా ఉంటాయి. పైభాగం మాత్రం నేరుగా గాలికి, రాడ్డుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి తొందరగా రంగు తేలుతుంది. నేను ఆ రంగు చూసి మోసపోయాను. టిన్నుకు చెప్పిన లెక్కను రబ్బరుకు వాడడం నా తప్పు.

ఇంకో అనుమానం కూడా వచ్చింది. షెడ్డులో ఏ మీటరునూ ఇంకో మీటరుతో సరిచూడకుండా నమ్మేవాళ్లం కాదు. ఓటీజీ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ తెప్పించాను. నాబ్ 180 మీద పెట్టి పావుగంట ఆగి చూస్తే లోపల ముల్లు 160 దగ్గర ఉంది. నాబ్ 200 దగ్గరకు తిప్పితే గానీ అసలు 175 రాలేదు. ఇది మా ఓటీజీ సంగతి. మీ ఇంట్లో దానికి తేడా ఎటు ఉందో మీరే కొలిచి చూసుకోవాలి. కేకు చెడితే నా చెయ్యి మంచిది కాదు అనుకునే వాళ్లు చాలామంది ఉంటారు. ముందు పొయ్యి ఎంత వేడెక్కుతున్నదో చూసుకోమని నేను అందరికీ చెప్తున్నాను.

రెండో ఆదివారానికి జాగ్రత్త పడ్డాను. ముందే స్టీలు పళ్లెం మీద మోల్డ్ పెట్టి, అక్కడే పిండి పోశాను. పళ్లెం పట్టుకునే ఎత్తాను. చలికాలం కాబట్టి ఫ్రిజ్‌లోని గుడ్లు, పెరుగు గంట ముందే బయట పెట్టాను. ఈసారి అంటుకోకుండా కరిగించిన వెన్న కూడా రాశాను. బాగా రాయాలనే ఉత్సాహంతో బ్రష్‌ను రెండు మూడు సార్లు ముంచాను. పొద్దటి చలికి ఆ వెన్న రేకుల కొసల్లోకి జారి, అక్కడే గడ్డకట్టింది. నేను గమనించలేదు. దాని మీద పిండి పడింది. 50 నిమిషాలకు పుల్ల శుభ్రంగా వచ్చింది. ఇరవై నిమిషాలు చల్లార్చి బోర్లించాను. రేకులు ఎనిమిదీ వచ్చాయి! కానీ కొసల్లో గుంటలు పడ్డాయి. నడుమ గొట్టం చుట్టూ ఉన్న కేకు చుట్టలా ఊడి మోల్డ్‌కే ఉండిపోయింది. గొట్టానికి వెన్న రాయడం మరిచాను. గొట్టం కూడా గిన్నె గోడే కదా, అది నాకు తట్టలేదు.

అయినా ఆ రోజు సంతోషంగానే ఉన్నాను. లోపలి భాగం దూదిలా వచ్చింది. మైదా వేసినంక గరిటెతో ఇరవై సార్లకు మించి తిప్పలేదు. ఆ తేడా నోట్లో పెట్టుకోగానే తెలిసింది.

మూడో ఆదివారానికి మా అమ్మాయి, అల్లుడు, మనుమరాలు శనివారం రాత్రే కరీంనగర్ నుంచి వచ్చేశారు. అమ్మాయికి టెన్షన్. "బాపూ, ఎందుకైనా మంచిది, బేకరీల ఒకటి చెప్పి పెడుదమా?" అంది. వద్దన్నాను. పిల్ల నిద్రలేవకముందే మొదలుపెట్టాలని పొద్దున ఐదింటికే లేచాను.

పక్కింటావిడ చెప్పిన ఉపాయం ఒకటి ఆ రోజు వాడాను. ఒక చెంచా నూనె, ఒక చెంచా మైదా కలిపి పలుచటి పేస్టు చేసి, దాన్నే బ్రష్‌తో రాయాలి. నూనె కిందికి జారిపోకుండా మైదా పట్టి ఉంచుతుంది. టార్చి వేసుకుని ఒక్కో రేకు కొసలో, గొట్టం చుట్టూ పలుచగా రాశాను. అదనంగా ఉన్నదాన్ని ఎండు బ్రష్‌తో తీసేశాను. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలు సిలికాన్‌కు వాడొద్దు. వేడికి జిగురు పొరలా అంటుకుని, కడిగినా పోదు. కేకు చాక్లెట్‌ది అయితే పేస్టులో మైదా బదులు కోకో పొడి కలుపుకోవాలట, లేకుంటే పైన తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. నాది యాలకుల కేకు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. చక్కెరలో 50 గ్రాములు తగ్గించి అంత బెల్లం పొడి వేశాను. సిలికాన్‌లో ఎలాగూ పక్కలు ఎర్రబడవు, ఆ రంగును బెల్లం ఇస్తుందని నా ఆలోచన.

పిండిని ఒకే చోట నుంచి సన్నటి ధారగా పోశాను, అదే మెల్లగా అన్ని రేకుల్లోకి పారేలా. అలా పోస్తే కొసల్లో గాలి చిక్కుకోదు. తర్వాత ఒక్కో రేకులో పుల్ల పెట్టి చిన్నగా తిప్పాను. టిన్ను అయితే కింద కొడితే బుడగలు పైకి వస్తాయి. మెత్తటి రబ్బరు ఆ దెబ్బను మింగేస్తుంది. అందుకే పళ్లెం అడుగున అరచేత్తో నాలుగు సార్లు తట్టాను.

ఓటీజీని ముందే పావుగంట వేడి చేసి, లోపల 170 చూసినంక, అన్నిటికన్నా కింది అరలో పెట్టాను. రెండు రాడ్లూ వెలుగుతున్నాయి. రబ్బరు ఎక్కడా రాడ్డుకు దగ్గర కాకుండా చూసుకున్నాను. 230 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉన్నా, ఎర్రగా కాలే రాడ్డు వేడి అంతకన్నా చాలా ఎక్కువ. గ్యాస్ మంట మీద గానీ, పై రాడ్డు ఒక్కటే వేసే గ్రిల్ మోడ్‌లో గానీ సిలికాన్‌ను పెట్టనే కూడదు. ఓటీజీ లేని వాళ్లు కుక్కర్‌లో ఉప్పు పోసి కేకు చేస్తారు కదా, అందులో ఈ మోల్డ్ పెట్టాలంటే అడుగుకు, పక్కలకు తగలకుండా స్టాండు తప్పనిసరి. నేనైతే అందుకు అల్యూమినియం గిన్నె వాడమనే చెప్తాను.

నలభై నిమిషాల దాకా తలుపు తీయలేదు. మధ్యలో తీస్తే చల్లగాలి తగిలి, ఇంకా గట్టిపడని కేకు కుంగుతుంది. నలభై తర్వాత పైన రంగు ఎక్కువ అవుతుంటే అల్యూమినియం ఫాయిల్ ముక్క ఒకటి వదులుగా కప్పాను. 48 నిమిషాలకు పుల్ల గుచ్చాను, గొట్టం పక్కన ఒకసారి, రేకు దగ్గర ఒకసారి. రెండు చోట్లా పొడిగా వచ్చింది. వాసన పడకగది దాకా పోయి పిల్లను లేపింది.

"అయిందా తాతా?"

"కాలే బిడ్డా. ఇంకా గిన్నె వదలాలె."

పళ్లెం తీసి జాలీ స్టాండు మీద పెట్టాం. పిల్ల కుర్చీ ఎక్కి దాని పక్కనే కూర్చుంది. మా ఆవిడ గోడ గడియారం చూస్తోంది. వేడిగా ఉన్నప్పుడు కేకు లోపల పిండి ఇంకా జావ గుణంలోనే ఉంటుంది. చల్లారే కొద్దీ బిగుసుకుని కొంచెం ముడుచుకుంటుంది, అంచు గోడను వదులుతుంది. అలాగని పూర్తిగా చల్లారేదాకా మరిచిపోయినా తప్పే, లోపలి ఆవిరి నీరై అడుగు చెమ్మగిల్లి మళ్లీ అంటుకుంటుంది. మా మోల్డ్‌కు ఇరవై నిమిషాలు సరిగ్గా సరిపోతుందని రెండో ఆదివారమే తెలిసింది.

పద్దెనిమిదో నిమిషానికి అంచు చుట్టూ వెంట్రుకంత సందు కనిపించింది. మా ఆవిడ వేలితో చూపించి, "ఇగో, వదిలింది" అంది. అంచును బయటికి మెల్లగా లాగుతూ చుట్టూ ఒక తిప్పు తిప్పాను. గొట్టాన్ని కింది నుంచి రెండుసార్లు నొక్కాను. పైన పళ్లెం బోర్లించి, రెండూ కలిపి పట్టుకుని తిప్పాను. ఒక్కో రేకు కొసను బొటనవేలితో బయటి నుంచి నొక్కుకుంటూ పోయి, అప్పుడు మోల్డ్‌ను మేజోడు తీసినట్టు పైకి ఒలిచాను.

ఎనిమిది రేకులు. కొసలు కూడా. నడుమ గుండ్రటి చిల్లు. బెల్లం వల్ల లేత గోధుమ రంగు. ఒక రేకు మీద చిన్న బుడగ గుర్తు మిగిలింది, అంతే. పిల్ల ఏమీ అనలేదు. రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా ఇంజిన్లు విప్పి బిగించాను. బిగించిన ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు కలిగే సంతోషం మళ్లీ ఎప్పుడూ రాదనుకున్నాను.

సాయంత్రం నడుమ చిల్లులో కొవ్వొత్తి నిలబెట్టే వీలు లేక, అందులో చిన్న గ్లాసు పెట్టి, గ్లాసులో బంతిపూలు గుచ్చింది మా అమ్మాయి. మోల్డ్‌లో ఉండగా కత్తి పెట్టొద్దని పిల్లకు ముందే చెప్పాను, రబ్బరు తెగుతుంది. పళ్లెంలోకి వచ్చినంక ఎవరి రేకు వాళ్లకు కోసి ఇచ్చాం. మొదటిది వాళ్ల అమ్మమ్మకు పెట్టమంటే పెట్టింది.

మోల్డ్ కడిగేటప్పుడు వేడి నీళ్లు, సబ్బు, మెత్తటి స్పాంజి చాలు. స్టీలు పీచు తగలనివ్వొద్దు. జిడ్డు పొర మిగిలినట్టు అనిపిస్తే వంట సోడాను నీళ్లతో ముద్దలా చేసి రాసి, పావుగంట తర్వాత కడుగుతున్నాను. బరువు పెట్టి మడిచి దాచితే ఆకారం వంకర పోతుంది కాబట్టి అల్మారా పై అరలో విడిగా పెడుతున్నాను.

సంక్రాంతి లోపల మా వీధిలో ఇద్దరు ఆ మోల్డ్ అడిగి తీసుకుపోయారు. ఇచ్చేటప్పుడు స్టీలు పళ్లెం కూడా కలిపే ఇస్తున్నాను.